ఆడపిల్ల బడి: జపాను నుంచి బాగేపల్లి వరకు

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయవలసినదని సంఘం పెద్దలు మమ్ములను అడిగారు. రాజులను, కోటలను, శాసనాలను గూర్చి వ్రాయగల పండితులు మన సంఘంలో చాలమంది ఉన్నారు. మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకొనేవాళ్ళము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాళ్ళము. కనుక అంత పెద్ద విషయాల జోలికి పోక, మాకు అందుబాటులో ఉన్న బడిని గూర్చి, అందులోనూ ఆడపిల్లల బడిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించినాము. ఆడపిల్లల చదువుకు పరదేశ ప్రభుత్వాలు ఏమి చేసినవి, మన ఊళ్ళలో బడిని ఎవరు నడిపించినారు, ఈ రెండు కథలకు ఎక్కడ ముడి పడినది అన్నదే ఈ వ్యాస విషయం.

మొదట మన సీమను గూర్చి. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాలు కన్నడ రాజ్యంలో ఉన్న తెలుగు నేల. 2007 వరకు ఇవి కోలారు జిల్లాలో ఉండేవి; ఆ ఏడు చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లా అయినది. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోను, కన్నడంలోను తత్త్వాలు చెప్పిన సంగతి మనవాళ్ళకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో రెండూ. ఇదీ అక్కడి జీవితం. రాగి, వేరుసెనగ, పట్టుపురుగులు అక్కడి బ్రతుకు తెరువులు. వానలు తక్కువ; చెరువు నిండిన ఏడు పండుగ, నిండని ఏడు వలస. మనలో చాలమందిమి ఆ వలస దారినే ఇక్కడికి చేరినవాళ్ళము.

ఆ చిక్కబళ్ళాపురానికి దగ్గరలోనే ముద్దేనహళ్ళి ఉన్నది. 1861లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు అది. వారి పూర్వీకులు కొన్ని తరాల క్రితం తెలుగుదేశంలోని మోక్షగుండం నుంచి వలస వచ్చినవారు. చిక్కబళ్ళాపురం బడిలో అక్షరాలు దిద్దుకొని, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. ప్యాసై, తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరినారు. ఆయన కట్టించిన ఆనకట్టల మాట అందరికీ తెలుసును. 1898లో ఆయన జపాను దేశం చూచి వచ్చిన సంగతిని మాత్రం తక్కువమంది తలచుకొంటారు. మన కథకు ఆ ప్రయాణమే మొదలు.

ఆయన వెళ్ళేనాటికి జపానులో ఏమి జరిగి ఉన్నదో చూడవలెను. 1871 డిసెంబరులో జపాను ప్రభుత్వం ఇవాకురా అనే ప్రముఖుని నాయకత్వంలో ఒక దూతబృందాన్ని అమెరికా, ఐరోపా దేశాలకు పంపింది. ఆ ఓడలో అయిదుగురు ఆడపిల్లలు కూడ ఉన్నారు. ప్రభుత్వ ఖర్చుతో అమెరికాలో పదేండ్లు చదివి రావలెనని వారికి కట్టడి. అందరిలోకీ చిన్నది త్సుదా ఉమెకో. ఏడేండ్లు కూడ నిండని పసిపిల్ల. మరొకతె యామకావా సుతెమత్సు, పదకొండేండ్లది. ఈమె తల్లి కూతురిని సాగనంపే ముందు ఆమె పేరు మార్చి పెట్టింది. ఆ క్రొత్త పేరులో విడిచిపెట్టడం, ఎదురుచూడడం అనే రెండు అర్థాలు పలుకుతవి. కన్నకూతురును ఏడు సముద్రాల అవతలికి పంపే తల్లి కడుపుకోత ఆ ఒక్క పేరులో ఉన్నది.

అయిదుగురిలో ఇద్దరు కొద్ది కాలానికే తిరిగి వచ్చారు. ముగ్గురు నిలిచి చదువుకొన్నారు. ఉమెకో, సుతెమత్సు 1882లో తిరిగి వచ్చేసరికి, వారిని పంపిన ప్రభుత్వమే వారికి చూపడానికి తగిన పని లేక ఊరకున్నది! ఉమెకో తన భాషనే మరచిపోయి మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. తరువాత చాల ఏండ్లకు, 1900లో, ఆమె టోక్యోలో తానే ఆడపిల్లల కొరకు పాఠశాల పెట్టింది. అది నేటికీ విశ్వవిద్యాలయంగా నడుస్తున్నది. పిల్లను పరదేశం పంపడానికి ప్రభుత్వం చాలును. ఆమె చదువు పదిమందికి అక్కరకు రావలెనంటే స్వదేశంలో బడి ఉండవలెను. ఇది మొదటి పాఠం.

రెండవ పాఠం పల్లెలలో జరిగింది. 1872లో జపాను ప్రభుత్వం విద్యాచట్టం చేసింది. ఏ ఊరిలోను చదువులేని ఇల్లు ఉండరాదు, ఏ ఇంటిలోను చదువులేని మనిషి ఉండరాదు అన్నది దాని ఆశయం. ఆడ మగ తేడా చూపలేదు. చట్టం ఘనమైనదే, కాని బడి కట్టే ఖర్చు, పంతులు జీతం ఊరివాళ్ళ నెత్తిన పెట్టారు. పిల్లవాని తలకు ఇంత అని జీతం కూడ కట్టవలెను. జనం ఊరకుంటారా? 1873లో కొన్ని సీమలలో రైతులు తిరగబడి, క్రొత్తగా కట్టిన బడులకే నిప్పు పెట్టారు. ఆ ఏడు బడికి పోయిన మగపిల్లలు నూటికి సుమారు 40 మంది. ఆడపిల్లలు 15 మంది. చట్టం వచ్చిన పద్దెనిమిదేండ్లకు, 1890లో కూడ, ఆడపిల్లలు నూటికి 31 మందికి మించలేదు.

అప్పుడు అక్కడివాళ్ళు ఏమి చేసినారన్నది మనం శ్రద్ధగా గమనించవలెను. ఆడపిల్ల ఎందుకు రాదని విచారించారు. ఇంటిలో కుట్టుపని నేర్చుకోవలెను కనుక రాదన్నారు తల్లులు. 1893లో కుట్టుపనిని బడి పాఠాలలో చేర్చవలసినదని విద్యాశాఖ ఆదేశించింది. చంకన తమ్ముణ్ణో చెల్లెలినో మోయవలెను కనుక రాదన్నారు. పసిబిడ్డను వీపున కట్టుకొని వచ్చి కూర్చొనే పిల్లల కొరకే కొన్ని చోట్ల వేరుగా బడులు పెట్టారు. జీతం కట్టలేము అన్నారు. 1900లో నాలుగేండ్ల ప్రాథమిక విద్యకు జీతం తీసివేశారు. ఫలితం చూడండి. 1900లో ఆడపిల్లలు నూటికి 71 మంది. 1910లో 97 మంది! ఆడపిల్ల ఇంటిని వదలి బడికి రావడం కాదు. బడియే ఆమె ఇంటి కష్టం తెలుసుకొని రెండడుగులు ముందుకు వచ్చింది.

విశ్వేశ్వరయ్య గారు 1898లో చూచినది ఈ మార్పు నడుమనున్న జపానును. బడికి పోయే ఆడపిల్లల బారులు ఆయన కంటబడే ఉంటవి. ఆ దేశపు విద్యను, పరిశ్రమలను ఆయన జీవితాంతం మెచ్చుకొన్నారు.

ఇప్పుడు మన మైసూరు సంస్థానం వైపు తిరుగుదాము. ఆడపిల్లల చదువులో మైసూరు వెనుకబడినది కాదు. తెలుగునాట వీరేశలింగం పంతులు గారు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టిన ఏడేండ్లకు, 1881లో, మైసూరు నగరంలో మహారాణి బాలికా పాఠశాల వెలసింది. తరువాత అదే కాలేజీ అయినది. 1895 మొదలు 1902 వరకు రాజ్యం నడిపినది కూడ ఒక స్త్రీయే. మహారాణి కెంపనంజమ్మణ్ణి వాణీవిలాస సన్నిధానం వారు. కాని రాజధానిలో వెలిగిన దీపం వెలుగు బాగేపల్లి దాక రావలెనంటే నడుమ ఎన్నో చీకటి ఊళ్ళు దాటవలెను.

1912లో విశ్వేశ్వరయ్య గారు దివాను అయినారు. మరుసటి ఏడే, 1913లో, నిర్బంధ ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఆయన దివానుగా ఉన్న ఆరేండ్లలో సంస్థానంలో చదివే పిల్లల సంఖ్య సుమారు 1,40,000 నుంచి 3,66,000కు పెరిగింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మన తెలుగు కవి, ముసలమ్మ మరణం కావ్యకర్త కట్టమంచి రామలింగారెడ్డి గారు కూడ ఈ పనులలో పాలుపంచుకొన్నారు. విశ్వవిద్యాలయ స్థాపనకు ముందు పరదేశాల విద్యావిధానాలు చూచి రావడానికి ప్రభుత్వం ఆయనను పంపింది. తరువాత సంస్థానపు విద్యాశాఖకే ఆయన పెద్ద అయినారు. పంచముల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించడంలో ఆయన పట్టుదల చూపారు.

ఇంత చేసిన ఆ ప్రభుత్వం 1913 చట్టంలో ఒక్క మాట విడిచిపెట్టింది. ఏడు మొదలు పదకొండేండ్ల వరకు నిర్బంధమన్నది మగపిల్లలకు మాత్రమే. అదీ ఎంపిక చేసిన కొన్ని ప్రాంతాలలోనే. ఆడపిల్లను తల్లిదండ్రుల ఇష్టానికి విడిచారు. ఇది మైసూరు ఒక్కదాని లోపం కాదు. 1911లో గోఖలే గారు ఇండియా శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు కూడ మొదట మగపిల్లలనే ఉద్దేశించింది. అదీ 1912లో ఓడిపోయింది. కాని అదే కాలంలో బరోడా మహారాజు సయాజీరావు గారు 1893లో అమ్రేలీ తాలూకాలో ప్రయోగం చేసి చూచి, 1906లో రాజ్యమంతటా ఆడపిల్లలను కూడ చేర్చి చట్టం చేశారు. కనుక ఆ రోజులలో సాధ్యం కాదన్న మాట చెల్లదు. స్త్రీ ఉపాధ్యాయులు లేరు, డబ్బు లేదు, పెద్దలు ఒప్పుకోరు అన్న కష్టాలు బరోడాలోనూ ఉన్నవి.

మేము మహనీయులను తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. ఆడపిల్లల చదువు పెరగవలెనని విశ్వేశ్వరయ్య గారు కోరినవారే. మహారాణి కాలేజీ వృద్ధికి తోడ్పడినవారే. మేము చెప్పదలచినది ఒక్కటే. చట్టం మాట్లాడని చోట వాడుక రాజ్యం చేస్తుంది. కొడుకును బడికి పంపకపోతే జుల్మానా అన్న భయం తండ్రికి ఉన్నది. కూతురును పంపకపోతే అడిగేవారు లేరు. అడిగేవారు లేని పని మన ఇళ్ళలో ఎన్నడు అయినది?

ఇక బడి పెత్తనం మాట. బడి ఎవరిది? సర్కారుదా, బోర్డుదా, ఊరిదా? మైసూరులో ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది. 1930 చట్టం ప్రాథమిక పాఠశాలల యాజమాన్యాన్ని జిల్లా బోర్డుల వంటి స్థానిక సంస్థలకు అప్పగించింది. స్థానికులే నడుపుకొంటే శ్రద్ధ పెరుగుతుందని ఆశ. పదేండ్లు గడిచేసరికి 1941లో ప్రభుత్వమే మళ్ళీ ఆ భారం వెనక్కు తీసుకొన్నది. బడి పెత్తనం కచేరీ నుంచి బోర్డుకు, బోర్డు నుంచి కచేరీకి తిరిగింది. కాని ఆ బల్లల చుట్టూ కూర్చొన్నవాళ్ళలో ఆడపిల్లల తల్లులు ఎందరు? జపాను పల్లెలో తల్లి చెప్పిన అడ్డంకిని బడి విన్నది. మన సీమలో ఆ తల్లిని అడిగే చోటే లేదు.

మన సీమలో ఆ అడ్డంకులు రెండు. ఒకటి దూరం, రెండవది భాష.

దూరం సంగతికి ఒక మహానుభావుని ఉదాహరణగా తీసుకొందాము. మనకు పొరుగు తాలూకా గౌరిబిదనూరులో హోసూరు అనే పల్లె. అక్కడ 1920లో ఒక బీద తెలుగు ఇంట హెచ్. నరసింహయ్య గారు పుట్టారు. 1935లో పై చదువు కొరకు ఆ కుర్రవాడు బస్సు ఛార్జీ లేక బెంగుళూరుకు కాలినడకన వెళ్ళి నేషనల్ హైస్కూలులో చేరినాడు. ఆయనే తరువాత అమెరికాలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు అయినారు. తాను నడిచిన దారి మరచిపోక, తమ నేషనల్ విద్యాసంస్థ ద్వారా గౌరిబిదనూరుకు, బాగేపల్లికి కాలేజీలు తెచ్చారు. ఆయనకు మన సీమ ఎంత ఋణపడినదో చెప్పలేము. కాని ఒక్క క్షణం ఆలోచించండి. అదే 1935లో అదే పల్లె నుంచి ఒక ఆడపిల్ల, ఎంత తెలివిగలదైనా, రెండు రోజులు నడిచి బెంగుళూరు పోగలదా? మగపిల్లవాడు బడి దగ్గరకు నడుస్తాడు. ఆడపిల్ల దగ్గరకు బడి నడిచి రావలెను. బాగేపల్లికి కాలేజీ రావడంలోని గొప్ప ఇదే.

రైలు వాళ్ళము కనుక ఇంకొక మాట. ఇంటి నుంచి బడికి పోయి వచ్చే విద్యార్థులకు రెండవ తరగతి సీజను టికెట్టు ఉచితంగా ఇచ్చే నిబంధన రైల్వేలో ఉన్నది. మగపిల్లలకు పన్నెండవ తరగతి వరకు. ఆడపిల్లలకు డిగ్రీ వరకు. 1913 చట్టం మగపిల్లకే మాట్లాడితే, ఈ నిబంధన ఆడపిల్లకు ఒక మెట్టు ఎక్కువే ఇచ్చింది. చాల మంచిది. కాని చిక్కబళ్ళాపురానికి, చింతామణికి రైలు ఉన్నది, బాగేపల్లికి లేదు. రైలు లేని ఊరి పిల్ల ఉచిత టికెట్టును ఏమి చేసుకొంటుంది? పైన చేసిన నియమం మంచిదే అయినా క్రింద పట్టాలు లేకపోతే బండి నడవదు. ఇది మా ఉద్యోగం మాకు నేర్పిన వేదాంతం.

భాష సంగతి మరింత సున్నితమైనది. మన పిల్లలకు బడి భాష కన్నడం. కన్నడం మనకు అన్నం పెట్టిన భాష. దానిపై మాకు గౌరవమే కాని వేరు భావం లేదు. కాని మగపిల్లవాడు తండ్రి వెంట సంతకు పోతాడు, కచేరీకి పోతాడు, బస్సు స్టాండులో తిరుగుతాడు. బడికి పోక ముందే నాలుగు కన్నడ మాటలు చెవిన పడతవి. ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటుంది. ఆమెకు అమ్మ తెలుగు, అవ్వ తెలుగు, బావి దగ్గర తెలుగు. మొదటి రోజు బడిలో టీచరమ్మ అడిగిన మాట అర్థం కాక తెల్లమొగం వేస్తే, పిల్లకు చదువు రాదని ఇంట్లో తీర్మానం! తెలుగు, కన్నడం రెండూ తెలిసిన ఉపాధ్యాయురాలు ఒకటవ తరగతిలో ఉన్న చోట ఈ చిక్కు ఉండదు. అట్టి పుణ్యాత్ముల వలన చదువుకొన్న ఆడవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు.

ఇక్కడ మరల ఒకసారి పరదేశం వైపు చూడవలసి ఉన్నది. ఏలనగా ప్రభుత్వం ఆడపిల్ల బడిని తెరవడమే కాదు, మూయడం కూడ మనం కళ్ళారా చూచినాము. ఆఫ్ఘనిస్తానంలో అమానుల్లా రాజు కాలాన, 1921లో, రాణి సురయా పూనికతో కాబూలులో బాలికా పాఠశాల వెలసింది. 1928లో జపాను వలెనే ఆ ప్రభుత్వమూ కొందరు ఆడపిల్లలను చదువు కొరకు టర్కీకి పంపింది. 1929లో తిరుగుబాటు వచ్చి రాజు సింహాసనం పోగానే పాఠశాలలు మూతపడ్డవి. పరదేశంలో ఉన్న పిల్లలను వెనక్కు పిలిచారు. ఆ తరువాత ఎన్నో ఏండ్లకు బడులు మరల నిలద్రొక్కుకొన్నవి. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూలు పట్టుకొన్న తరువాత, సెప్టెంబరులో ఉన్నత పాఠశాలలను మగపిల్లలకే తెరిచారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలలో కూడ ఆడపిల్లలకు ప్రవేశం లేదన్నారు. ఆరవ తరగతితో ఆడపిల్ల చదువు సరి.

పత్రికలలో ఇది చదివి మనం అయ్యో అంటాము. అనవలసినదే. కాని బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో మా దగ్గరి బంధువుల పిల్ల సంగతి చెప్పనీయండి. ఏడవ తరగతి మంచి మార్కులతో ప్యాసైంది. ఊరి బడి ఏడుతో సరి. హైస్కూలు మూడు మైళ్ళు. ప్రొద్దున ఒక బస్సు. సాయంత్రం బస్సు చీకటి పడ్డాక. ఒక నెల పోయింది, మానింది. వేరుసెనగ చేలో కూలికి పోయింది, తరువాత పెండ్లి. ఎవరూ హుకుం వేయలేదు. ఎవరూ తలుపు మూయలేదు. అక్కడ ఆరవ తరగతి దగ్గర హుకుం ఆపింది. ఇక్కడ ఏడవ తరగతి దగ్గర హుకుం లేకుండానే ఆగింది. పిల్లకు తేడా ఏమి?

తేడా ఉన్నది. అక్కడి తల్లికి అడిగే హక్కు లేదు. మన తల్లికి ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఆడ మగ ప్రతి బిడ్డకు చదువు హక్కు అన్నది. 1913లో విడిచిన మాట తొంబది ఆరేండ్లకు చేరింది. ఆ చట్టమే ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సమితి ఉండవలెనని, అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండవలెనని శాసించింది. సాధ్యమైనంత వరకు బిడ్డ ఇంటి భాషలో పాఠం చెప్పవలెనని కూడ అందులో ఉన్నది. కర్ణాటకంలో ఇంకా ముందే, 2001లోనే, ఊరి బడులకు ఎస్.డి.ఎం.సి. సమితులు వచ్చినవి.

కాగితం మీద ఇంతకంటె ఏమి కావలెను? కాని పైన చెప్పిన పల్లెలో విచారిస్తే తెలిసింది. సమితిలో ఆడవాళ్ళ పేర్లు సగం ఉన్నవి. సభకు వచ్చేది వారి భర్తలు. పుస్తకం ఇంటికి వస్తుంది, అమ్మ వ్రేలిముద్ర వేస్తుంది. 2011 జనాభా లెక్కలలో చిక్కబళ్ళాపురం జిల్లాలో అక్షరాస్యులు మగవారిలో నూటికి సుమారు 78, ఆడవారిలో సుమారు 62 ఎందుకు అయినారో దీనిని బట్టి కొంత అర్థమవుతుంది. ఆ వ్రేలిముద్ర వేసే తల్లియే ఒకనాడు బడి మానిన పిల్ల. ఆమెను సభలో కూర్చోబెట్టనంత కాలం ఆమె కూతురు బస్సు మాట ఎవరు ఎత్తుతారు?

కావున మా మనవి ఇది. మనం ఊరు విడిచి వచ్చినా ఊరి తిరునాళ్ళకు పోతాము, గుడికి చందా ఇస్తాము, అరుగు మీద కూర్చొని రాజకీయాలు మాట్లాడుతాము. ఈసారి పోయినప్పుడు బడికి కూడ పోదాము. ఏడవ తరగతి ప్యాసైన ఆడపిల్లలు ఎందరు, ఎనిమిదిలో చేరినవారు ఎందరు అని రెండు అంకెలు అడుగుదాము. సమితిలో ఉన్న మన అక్కనో వదిననో సభకు స్వయంగా పోవమ్మా, నీ మాట తెలుగులోనే చెప్పు అని ధైర్యం చెబుదాము. సాయంత్రం బస్సు గంట ముందుకు జరపవలెనని సమితి తీర్మానంతో అర్జీ పెట్టిస్తే, డిపోలో త్రోసివేయడం అంత సులభం కాదు. పది సంతకాల అర్జీ విలువ గుమాస్తాలకు తెలుసును. సంఘం తరఫున ఏటా ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు హైస్కూలు ఖర్చు భరించగలిగితే మరీ సంతోషం.

మూయడానికి ఒక్క హుకుం చాలును. తెరవడానికి హుకుం ఒక్కటే చాలదు. చట్టం చేయవలసినది ప్రభుత్వం; ఆ చట్టాన్ని బడి గడప దాటించి ఆడపిల్ల పలక దాక తీసుకొనిపోవలసినది ఊరు. ముద్దేనహళ్ళి బిడ్డ జపాను వెళ్ళి చూచి వచ్చి నూరేండ్లు దాటినవి. ఆ చూపులో ఆయన ప్రభుత్వం చట్టంలోకి తేలేకపోయిన సగభాగం ఇప్పుడు చట్టంలో ఉన్నది. దానిని ఊరిలోకి తేవడం మనకు మిగిలిన పని.

సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు, ముఖ్యంగా ఈ ఏడు ఎనిమిదవ తరగతిలో చేరబోయే మన ఆడపిల్లలకు ఉగాది శుభాకాంక్షలు.